మనకంటే ముందు చూసినవాడు

ధవళేశ్వరం,
జూలై 12, 2002.

ప్రియమైన మీకు,

పోర్ట్‌బ్లెయిర్ నుంచి మీరు వేసిన కార్డు నిన్న అందింది. నేను బడి నుంచి వచ్చేసరికి అత్తయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. “వాడి రాత కోడి కెలికినట్టుంటుంది, నువ్వే చదువమ్మా” అన్నారు. మీరు నాకోసం రాసిన రెండు ముక్కలు మింగేసి మిగతాది పైకి చదివాను. ఇకమీదట కార్డు వద్దు, కవరే రాయండి. ఫోను కూడా వద్దు. మీ ఓడ ఆగే క్యాంప్‌బెల్ బేలో ఉన్న ఆ ఒక్క ఫోను బూత్‌లో మీరు అరవడం, ఇక్కడ పక్కింట్లో నిలబడి నేను అరవడం. మన సంగతి అరిచి చెప్పుకునేది కాదు.

సోమవారం రాజమండ్రి ఆసుపత్రికి వెళ్ళాను. ఆగస్టు చివర్లో పెట్టుకుందాం అన్నారు డాక్టరమ్మ గారు. త్వరలో ఇంజెక్షన్లు మొదలవుతాయి. మే నెలలో ఓడెక్కే ముందు మీరు ఇచ్చి వెళ్ళిన శాంపిల్ భద్రంగా ఉందట. ల్యాబు చూసే ఉదయభాస్కర్ గారు దాన్ని దాచిన డబ్బా చూపించారు. అచ్చం పాలక్యాను. మూత తీస్తే తెల్లగా పొగ. “మీవారు ఇందులో ఉన్నారండి, చలికి కాస్త ముడుచుకుని” అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఏం చేస్తారో ఉదయభాస్కర్ గారు బొమ్మ వేసి చెప్పారు. మామూలుగా అయితే లక్షల కణాలు ఈదుకుంటూ వెళితే వాటిలో ఒకటి అండంలోకి దూరుతుందట. మీవి మరీ తక్కువ, ఉన్నవి కూడా నీరసం. అందుకని వాళ్ళే మైక్రోస్కోపులో చూసి మంచిదాన్ని ఒకదాన్ని ఏరి, వెంట్రుక కంటే సన్నటి గాజు సూదిలోకి తీసుకుని అండం లోపల వదులుతారు. “మంచిదని ఎలా తెలుస్తుందండీ?” అని అడిగాను. తల నున్నగా కోలగా ఉండాలి, మెడ వంకర పోకూడదు, తోక ఒక్కటే ఉండాలి, ముందుకు కదలాలి అన్నారు ఉదయభాస్కర్ గారు. మా బడిలో సైన్సు మేష్టారు కూడా ఇంత ఓపిగ్గా చెప్పరు.

పెళ్ళయిన ఈ ఎనిమిదేళ్ళలో ఏడేళ్ళు లోపం నాదేనని ఊరంతా అనుకుంది. మీదని తేలిన రోజు నుంచి మీరు నా మొహం సరిగ్గా చూడటం లేదు. ఈసారి సెలవుకి వచ్చినప్పుడు చూడండి. అదొక్కటే అడుగుతున్నాను.

మీ
కృపావతి.


క్యాంప్‌బెల్ బే,
ఆగస్టు 4, 2002.

కృపా,

నీ కవరు పోర్ట్‌బ్లెయిర్ నుంచి మా ఓడ తెచ్చిన పోస్టు సంచుల్లోనే ఉంది. ఆ సంగతి తెలియక దారి పొడుగునా ఆ సంచి మీద కూర్చునే అన్నం తిన్నాను. ఇక్కడ దిగాక పోస్టాఫీసువాడు అదే సంచి విప్పి నా చేతికిచ్చాడు.

రెండుసార్లు చదివాను. మొదటిసారి నీకోసం, రెండోసారి ఆ ఉదయభాస్కర్ కోసం. ఉత్తరం నిండా ఆయనే. ఆయన బొమ్మ వేశాడు, ఆయన నవ్వించాడు, ఆయన ఓపిక మీ సైన్సు మేష్టారికి లేదు. ఏసురాజు అనే పేరు మాత్రం ఒక్క చోటా కనబడలేదు. నేను ఆ డబ్బాలో ముడుచుకుని ఉన్నానన్నమాట.

అతని వయసెంత? పెళ్ళయిందా?

ఏరడం అని రాశావు. మా అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతుంది. ఉప్పాడలో మా చెల్లెలు పాపాయి అత్తగారు రొయ్యలు ఏరుతుంది. నావాటిని కూర్చుని ఏరడానికి ఎవరో పరాయి మగాడు, అతని ఎదురుగా తలూపుతూ నువ్వు. ఇంజిన్ గదిలో మేం నలుగురం పనిచేస్తాం. మిగతా ముగ్గురికీ పిల్లలున్నారు. వాళ్ళెవరూ ఎవరిచేతా ఏరించుకోలేదు. వాళ్ళు ఇంటికి వెళితే చాలు, తిరిగి వచ్చిన నెలకే కబురొస్తుంది.

ఇంజెక్షన్లు ఎవరు చేస్తున్నారు? రాయి.

ఏసురాజు.


ధవళేశ్వరం,
ఆగస్టు 22, 2002.

ప్రియమైన ఏసురాజు గారికి,

ఏసురాజు గారూ, మీ పేరు రెండుసార్లు రాసేశాను. ఏసురాజు గారూ. ఇది మూడోసారి.

ఇంజెక్షన్లు మన పేటలో ఉండే నర్సు అచ్చాయమ్మ గారు చేస్తున్నారు. ఆవిడకి అరవై ఏళ్ళు, మనవలున్నారు. ఫరవాలేదా? ఉదయభాస్కర్ గారికి పెళ్ళయిందో లేదో నేనడగలేదు. మీరు అడగమంటే వచ్చే వారం మత్తు ఇచ్చే ముందు అడుగుతాను.

మిమ్మల్ని ఏడిపించడానికి రాశాను, కోపం తెచ్చుకోకండి. పొట్ట నిండా సూదిపోట్లు, బడిలో ఎక్కువసేపు నిలబడలేకపోతున్నాను. మీ చెల్లెలు పాపాయి పిల్లల్ని అత్తగారి దగ్గర వదిలి నాకు తోడుగా వచ్చింది. మొన్నటి గాలికి వాళ్ళ బీచిరోడ్డు మరికాస్త సముద్రంలోకి పోయిందట. “వదినా, నాకు ముగ్గురు పుట్టారు గానీ ఒక్కరికీ ఇంత హడావిడి లేదు” అంటుంది. నవ్వుతూనే అంటుంది. ఆ నవ్వు కింద ఏదో ఉంది. మీకు పిల్లలున్నవాళ్ళంటే ఎలా ఉంటుందో, దానికి నేనంటే అలా ఉన్నట్టుంది.

మనకోసం ప్రార్థన చేయండి.

కృప.


ధవళేశ్వరం,
సెప్టెంబరు 18, 2002.

ఏమండీ,

నిలిచింది.

ఈ ఒక్క ముక్క రాసి అంటించేద్దామనుకున్నాను. కానీ మీరు ఊరుకోరు కదా.

రక్తపరీక్ష రాగానే డాక్టరమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు. అత్తయ్య అక్కడే ఆసుపత్రి వరండాలో మోకాళ్ళూనారు. లేపడానికి ఇద్దరు నర్సులు కావలసి వచ్చారు. ఈ ఆదివారం గుడిలో కృతజ్ఞత చెప్పిస్తానన్నారు. ఎందుకో ఏమిటో చెప్పకుండా ఊరికే కృతజ్ఞత అనిపించండి అని బతిమాలాను.

తొమ్మిది అండాలు వచ్చాయి. చివరికి రెండు పిండాలు లోపల పెట్టారు. ఒకటి చాలా చక్కగా ఉందట, మూడో రోజుకి పిండం ఎనిమిది గదులుగా చీలి, అన్నీ సమానంగా. రెండోదానిలో గదులు చితికినట్టు పొడిపొడిగా ఉన్నాయట. పట్టుకున్నది ఒక్కటే. ఏదో చెప్పలేం గానీ, చక్కగా ఉన్నదే అయివుంటుంది అన్నారు. మిగతాదంతా సవ్యంగా జరిగింది.

మీరు జాగ్రత్త. ఆ ఇంజిన్ గది వేడిలో ఎక్కువసేపు ఉండొద్దని డాక్టరమ్మ గారు మళ్ళీ చెప్పమన్నారు.

మీ కృప.


క్యాంప్‌బెల్ బే,
అక్టోబరు 10, 2002.

కృపా, నా బంగారం,

ఉత్తరం చదివి జెట్టీ చివరిదాకా పరిగెత్తాను. అక్కడ పరిగెత్తడానికి ఇంకేం లేక వెనక్కి వచ్చాను. వంటవాడి చేత ఓడంతటికీ పాయసం వండించాను. ఎందుకు అని అడిగితే, మా ఆవిడ అన్నాను. అంతే, అందరికీ అర్థమైపోయింది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆ ముగ్గురితో సమానంగా కూర్చున్నాను.

కానీ ఒకటి. ఎనిమిది గదులు, సమానంగా అని రాశావు. అవి ఎవరు చూశారు? నువ్వు చూశావా? మన బిడ్డ ఎనిమిది గదులుగా ఉన్నప్పుడు నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు, అతను చూశాడు. చూసి చక్కగా ఉంది అన్నాడు. ఆ మాట నా నోటి నుంచి రావలసింది.

పిచ్చివాణ్ణి. వదిలెయ్. పాలు తాగు. బరువులెత్తకు.

నీ ఏసురాజు.


క్యాంప్‌బెల్ బే,
డిసెంబరు 1, 2002.

కృపావతికి,

ఉప్పాడ నుంచి చంద్రరావు అనే మేస్త్రి జెట్టీ పనికి వచ్చాడు. పాపాయి వాళ్ళ పక్కిల్లే. నన్ను వెతుక్కుంటూ మా ఓడెక్కి, ఇంజిన్ గది మెట్ల మీద నిలబడి గొంతెత్తి అన్నాడు. “అన్నా, స్తోత్రం! మీ చెల్లెలు మా ఇంటిదాంతో చెప్పిందంట. ఆసుపత్రిలో నీవి ఒక్కటీ కదల్లేదంట గదా! అయినా వదినకి నిలిచిందంటే దేవుడెంత గొప్ప కార్యం చేశాడో చూడు!”

వాడు మంచి మనసుతోనే అన్నాడు. అందుకే కొట్టలేకపోయాను. మిగతా ముగ్గురూ ఇంజిన్ వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వారు.

ఒక్కటీ కదల్లేదా? నువ్వేం రాశావు? మిగతాదంతా సవ్యంగా జరిగింది అని రాశావు.

కదలడమే మంచిదానికి గుర్తని నువ్వే జూలైలో రాశావు. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది. మరి కదలనివాటితో కడుపెలా వచ్చింది? దేవుడి కార్యమని చంద్రరావు నమ్ముతాడు. నేను ఇంజిన్ మనిషిని. పిస్టన్ కదలకుండా ఓడ కదిలిందంటే, వెనక ఇంకేదో ఓడ తోస్తున్నట్టు.

నావి చచ్చిపడి ఉంటే పక్క డబ్బాలోంచి ఏరాడా? ఎవరిది? ఎలా ఉంటాడు? ఇంజిన్ గదిలో నిలబడితే ఆ మనిషి నా పక్కన వచ్చి నిలబడుతున్నాడు. పొడుగ్గా, తెల్లగా, చదువుకున్నవాడిలా. వాడికి మొహం లేదు, నేనే రోజుకో మొహం పెడుతున్నాను. లేక, ఆ ఉదయభాస్కరే — 

రాయను. నువ్వే చదువుకో.

ఏసురాజు.


క్యాంప్‌బెల్ బే,
జనవరి 5, 2003.

కృపావతికి,

క్రిస్మస్‌కి ఉత్తరం లేదు. కొత్త సంవత్సరానికీ లేదు. మూడుసార్లు పోస్టు సంచులు దించాం, ప్రతిసారీ నిలబడి చూశాను. తప్పు లేనిదానివైతే జవాబు రాయడానికి ఇంత ఆలోచన దేనికి?

ఆ మాట కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయలేదు.

ఏసురాజు.


ధవళేశ్వరం,
జనవరి 27, 2003.

ఏసురాజు గారికి,

మీ డిసెంబరు ఉత్తరం క్రిస్మస్ ముందు రోజు అందింది. దాన్ని చదివి గుడికి వెళ్ళి, పిల్లల చేత పాటలు పాడించి వచ్చాను. ఎలా పాడించానో నాకు తెలియదు.

మీరు వదిలేసిన ఆ గీత తర్వాతి మాటని నేను నింపను. అది మీ దగ్గరే ఉంచుకోండి. జరిగింది ఒక్కసారి చెబుతాను. మళ్ళీ అడగొద్దు.

ఆ రోజు అండాలు తీశాక నన్ను వార్డులో పడుకోబెట్టారు. పాపాయి టీకి వెళ్ళిందనుకున్నాను. తలుపు అవతలే ఉందని, సగం విని వెళ్ళిపోయిందని మీ ఉత్తరం చూశాకే తెలిసింది. డాక్టరమ్మ గారు, ఉదయభాస్కర్ గారు కలిసి వచ్చారు. ఆయన మొహం చూడగానే నాకు అర్థమైంది.

“అమ్మా, మీవారి శాంపిల్‌లో సగం కరిగించామండి. ఒక్కటీ కదలట్లేదు. చలికి బాగా దెబ్బతిన్నాయి” అన్నారు.

“చచ్చిపోయాయాండీ?” అన్నాను.

“కదలనివన్నీ చచ్చినవి కాదండి. నీరసంతో పడివున్నవి కూడా ఉంటాయి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. అది తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది.”

ఆయన చెప్పింది ఇది. వాటిని ఉప్పు తగ్గించిన పల్చటి నీళ్ళలాంటి దానిలో వేస్తారు. బతికున్నదైతే దాని పైపొర గట్టిగా ఉంటుంది. లోపలికి దిగిన నీరు బయటికి పోక, ఉబ్బి, తోక మెలి తిరుగుతుంది. చచ్చినదాని పొర చిల్లులు పడి ఉంటుంది, అందుకని దాని తోక తిన్నగా అలాగే పడివుంటుంది. మెలి తిరిగినవాటినే ఏరుకోవాలి. మీరు ఇంజిన్ మనిషినన్నారు కదా, పంక్చరైన ట్యూబు ఉబ్బదని మీకు వేరే చెప్పాలా?

అప్పుడు డాక్టరమ్మ గారు అన్నారు. “ఇలా ఏరినవాటితో అవకాశం తక్కువమ్మా. మీ అండాలు బాగున్నాయి. డోనర్ శాంపిల్ సిద్ధంగా ఉంది, దాంతో అయితే మంచి పిండాలు ఎక్కువ వస్తాయి. కానీ మీవారు ఒప్పుకోవాలి. సాయంత్రంలోగా ఆయన్ని ఫోన్‌లో పట్టుకోగలరా?”

మీ ఓడ ఆ రోజు ఏ దీవి పక్కన ఉందో నాకు తెలియదు.

నేను అన్నాను. “ఫోను అక్కర్లేదండి. ఆయనవే చూడండి. బతికున్నది ఒక్కటి దొరికినా ఆయనదే పెట్టండి. ఒక్కటీ దొరకకపోతే నా అండాలు పారేయండి.”

నెల నుంచి పొడిపించుకున్న సూదులన్నీ ఆ ఒక్క మాట మీద పెట్టాను. తొమ్మిది అండాలకి ఏడు మెలి తోకలు దొరికాయి. ఏడింటిలో మూడు పిండాలయ్యాయి. ఒకటి మర్నాడే ఆగిపోయింది. మిగిలిన రెండింటి సంగతి మీకు రాశాను.

ఎందుకు దాచానంటే, ఒక్కటీ కదల్లేదన్న మాట మీరు మోయలేరని దాచాను. మోయలేరని రుజువు చేశారు.

మీ పక్కన మొహం లేని మనిషి నిలబడుతున్నాడని రాశారు. ఆ మనిషిని ఆ రోజు గది బయటే ఆపేసింది నేను. ఇంజిన్ గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది మీరు.

కృపావతి.


క్యాంప్‌బెల్ బే,
మార్చి 9, 2003.

కృపా,

నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. పగలంతా నమ్ముతున్నాను. ఓడ ఆగి, ఇంజిన్ చప్పుడు పోయి, చెవులు ఖాళీ అయినప్పుడు మాత్రం ఆ మొహం లేనివాడు మళ్ళీ వస్తున్నాడు. నువ్వు మెలి తోకలని చెప్పావు. నీకు అతను చెప్పాడు. అతనికి ఎవరు చెప్పారు? నువ్వు చూడలేదు కదా.

మా వైర్‌లెస్ ఆఫీసరు చదువుకున్నవాడు. రక్తం చూసి తండ్రెవరో తేల్చే పరీక్ష హైదరాబాద్‌లో ఉందన్నాడు. ఎవరికోసమో అన్నట్టు అడిగాను. బిడ్డ పుట్టాక ఒక్కసారి చేయిద్దాం. నీ మీద అనుమానంతో కాదు. నన్ను ఆ మొహం లేనివాడు వదలడం లేదు, అందుకు. తేలిపోతే నీ కాళ్ళు పట్టుకుంటాను, జన్మలో మళ్ళీ ఆ మాట ఎత్తను.

ఇక్కడ చంద్రరావుకి ఇంటి నుంచి ఫొటో వచ్చింది. వాళ్ళ పిల్లాడి చెవులు అచ్చం వీడివే, చేటల్లా. ఆ ఫొటో అందరికీ చూపిస్తున్నాడు. ఆ చెవులు చూసి నాకు కుళ్ళొచ్చింది కృపా. చేట చెవుల కోసం ఒక మగాడు కుళ్ళుకోవడం నువ్వెక్కడైనా విన్నావా?

ఏసురాజు.


ధవళేశ్వరం,
జూన్ 2, 2003.

ఏసురాజు గారికి,

మే పద్దెనిమిదో తారీకున ఆడపిల్ల పుట్టింది. అత్తయ్య ఇప్పించిన తంతి మీకు అందే ఉంటుంది. ఇద్దరం క్షేమం. కాన్పు కష్టమైంది. అచ్చాయమ్మ గారు, అత్తయ్య నా దగ్గరే ఉన్నారు.

బాప్తిస్మం జూలై పదమూడు, ఆదివారం, మన లూథరన్ గుడిలో. షారోను అని పేరు పెడుతున్నాను. పాస్టరు గారు తండ్రి ఎప్పుడొస్తారని అడిగారు. తెలియదండీ అన్నాను.

పరీక్ష సంగతి. చేయించుకోండి. నేను ఆపను. పిల్ల చెయ్యి నేనే పట్టుకుని రక్తం తీయిస్తాను. అది మీదేనని కాయితం వస్తుంది. ఆ కాయితం మీ చేతిలో పెట్టి, పిల్లని తీసుకుని కడియం మా అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతాను. కాయితాన్ని నమ్మినవాడితో నేను కాపురం చేయలేను.

కోపంతో రాయడం లేదు. రెండు నెలలు ఆలోచించాను.

ఆ ఆదివారం మీరు వస్తే తండ్రిగా రండి. పిల్ల మొహంలో ఎవరున్నారో వెతకడానికైతే రావద్దు. చుట్టాలు చాలామంది వస్తున్నారు, ఆ పని వాళ్ళు చేస్తారు.

కృపావతి.


చెన్నై హార్బరు,
ఆగస్టు 10, 2003.

కృపా,

ఓడ రేపు. ఈ బెంచీ మీద కూర్చుని నీకు చెప్పాల్సింది ఒకటి రాస్తున్నాను. ఇంట్లో ఉన్న నెలలో రోజూ చెబుదామనుకుని నీ మొహం చూసి మానేశాను. నువ్వు నాతో మెల్లమెల్లగా మాట్లాడటం మొదలుపెట్టావు. అది పోతుందేమోనని భయపడ్డాను.

నేను బాప్తిస్మం ముందు శనివారం సాయంత్రం ఇల్లు చేరాను కదా, రైలు ఆలస్యమైందని చెప్పాను. రైలు పొద్దున్నే వచ్చింది. స్టేషన్ నుంచి సరాసరి ఆ ఆసుపత్రికి వెళ్ళాను. ఉదయభాస్కర్ కాలరు పట్టుకుందామనే వెళ్ళాను. అతను నేను ఊహించుకున్నంత పొడుగు లేడు. కాస్త బట్టతల కూడా.

నా పేరు చెప్పగానే, “కూర్చోండి. మీరు వస్తారనుకున్నానండి” అన్నాడు.

“ఎందుకనుకున్నారు?”

“ఇలాంటి కేసుల్లో భర్తలు వస్తారండి. కొందరు నోటితో అడుగుతారు, కొందరు అడక్కుండా నా వైపు చూసి వెళ్ళిపోతారు. మీరు ఎలా అడుగుతారు?”

నోటితోనే అడిగాను. ఎవరిది అని.

అతను విసుక్కోలేదు, నవ్వలేదు. “మీ శాంపిల్‌లో సగం ఇంకా దాచి ఉందండి. కావాలంటే మీ కళ్ళ ముందే కరిగించి చూపిస్తాను. కానీ కరిగించినదాన్ని మళ్ళీ దాచలేం. మీకు రెండో బిడ్డ కావాలంటే దానికి పనికొచ్చేది అదే. ఆలోచించుకోండి” అన్నాడు. డాక్టరమ్మ గారు కూడా వద్దనే చెప్పారు.

ఆలోచించుకోలేదు కృపా. కరిగించమన్నాను.

చొక్కా మీద వాళ్ళ గౌను తొడిగి లోపలికి తీసుకెళ్ళారు. మైక్రోస్కోపులో చూశాను. ఎండలో ఆరబోసిన మెత్తళ్ళ చేపల్లా ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. చంద్రరావు చెప్పింది నిజమే. ఎంతోసేపు చూశాను, మళ్ళీ చూశాను. ఇవి నేను. ఇంత బతుకూ బతికి నాలోంచి వచ్చింది ఇది.

అప్పుడతను ఆ పల్చటి ద్రవం బొట్టులోకి వాటిని వదిలి, కాసేపు ఆగి, “ఇప్పుడు చూడండి” అన్నాడు. ముందు ఏమీ లేదు. తర్వాత ఒక మూల ఒకటి తోక ముడిచింది. పడుకున్న మనిషి పిలిస్తే మోకాలు ముడిచినట్టు. దాని పక్కన ఇంకోటి. మిగతావన్నీ తిన్నగా పడివున్నాయి. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి. నేను కన్ను తీయలేదు. “చాలాండీ?” అని అతను రెండుసార్లు అడిగాడట, నాకు వినబడలేదు.

బయటికొచ్చాక అడిగాను. “వీటిలో ఇది మంచిదని ఎలా ఏరారండీ?”

“బతికుందా లేదా, తల సరిగ్గా ఉందా లేదా, అంతవరకే నాకు కనబడుతుందండి. లోపల ఏముందో ఎవరికీ కనబడదు. చూడ్డానికి చక్కగా ఉన్నది పెట్టినా పిండం ఆగిపోవచ్చు. నేను ఏరతాను, అంతే. ఆ తర్వాత నేనూ మీలాగే ఎదురుచూస్తాను” అన్నాడు.

అతని మీద కోపం పోయింది. కుళ్ళు మాత్రం పోలేదు, అబద్ధం ఎందుకు. ఆ పడివున్నవాటిలోంచి మన పిల్లని పైకి తీసింది అతని చెయ్యి. మనిద్దరికంటే ముందు దాన్ని చూసినవాడు అతను. జీవితాంతం ఆ మనిషంటే నాకు కుళ్ళుగానే ఉంటుంది. కానీ ఇది వేరే కుళ్ళు. మంత్రసాని బిడ్డని ముందు ఎత్తుకుందని తండ్రికి ఉండేలాంటిది.

మర్నాడు గుడిలో పాస్టరు గారు “తండ్రి ముందుకు రండి” అన్నప్పుడు నేను ఒక్క క్షణం ఆగాను, నువ్వు చూశావు. నీ కళ్ళు చూశాను. అప్పటికి చూడాల్సింది చూసేశాను కాబట్టి అనుమానంతో ఆగింది కాదు. పిల్ల మొహంలోకి చూశాను, వద్దన్నా వెతికాను. చెవులు నావి కావు, ముక్కు నాది కాదు, గడ్డం మీ నాన్నగారిది. నావి అనేవి ఏవీ దొరకలేదు. నీళ్ళు నెత్తిన పడగానే అది కెవ్వుమని నా చొక్కా గుప్పిట పట్టుకుంది. ఇక వెతకలేదు.

ఇంకొకటి. ఆ శనివారమే మళ్ళీ శాంపిల్ ఇచ్చాను, కరిగించినదానికి బదులు దాచమని. బయల్దేరే ముందు రోజు వెళ్ళి అడిగితే ఫలితం చెప్పారు. దాచడానికి సరిపడా కూడా లేవన్నారు. నాలుగేళ్ళ ఇంజిన్ వేడి కావచ్చు, వేరే ఏదైనా కావచ్చునన్నారు. కాబట్టి రెండో బిడ్డ అనే మాట నేను ఆ శనివారం పొద్దున్న కరిగించేశాను. నీకు చెప్పకుండా. నిన్ను అడగకుండా.

డెక్కు మీద పని ఇమ్మని అర్జీ పెడతాను. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

ఏసురాజు.


ధవళేశ్వరం,
సెప్టెంబరు 14, 2003.

ఏమండీ,

మీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. మొదటి వారం మీతో మాట్లాడకూడదనుకున్నాను. ఉత్తరాల్లో మాట్లాడకపోవడం మీకు ఎలా తెలుస్తుంది, ఓడ ఆలస్యమనుకుంటారు. అందుకని రాస్తున్నాను.

నన్ను అడగాల్సింది. అది మీ ఒక్కరిదీ కాదు. ఇంకోసారి ఆ సూదులన్నీ పొడిపించుకోవడానికి నేను మనసులో సిద్ధపడే ఉన్నాను, మీకు చెప్పలేదు గానీ. షారోనుకి రెండేళ్ళు రాగానే అడుగుదామనుకున్నాను. ఆ ఆశ మీరు ఒక పొద్దున మైక్రోస్కోపు కింద పెట్టి చూసేశారు. నాలుగు రోజులు ఏడ్చాను. అత్తయ్య పాలు తగ్గిపోతాయని గొడవపెడితే ఆపాను.

ఇంకొకటి కూడా చెబుతాను, నవ్వకండి. నాకు మీ మీద కుళ్ళొచ్చింది. మీరు చూశారు. నెలంతా పొట్ట పొడిపించుకున్నది నేను, మత్తులో పడుకున్నది నేను, అన్నీ పణం పెట్టింది నేను. ఒక్కరూ నన్ను పిలిచి ఇదిగో చూడమ్మా అనలేదు. మీరు రైలు దిగి వెళ్ళి చూసొచ్చారు. మోకాలు ముడిచినట్టు అని రాశారే, ఆ ముక్క చదివి ఉత్తరం పక్కన పడేశాను. నేను ఒక మాట విని నమ్మాను. మీకు కన్ను కావలసి వచ్చింది. ఈ తేడా మన మధ్య ఎప్పటికీ ఉంటుంది. ఉండనీయండి. దాన్ని లేనట్టు నటించొద్దు.

మీరు దాచకుండా రాశారు. వెతికాను, దొరకలేదు అని రాశారు. “అచ్చం నాలాగే ఉంది” అని రాసి ఉంటే మిమ్మల్ని ఎప్పటికీ నమ్మేదాన్ని కాదు.

కడియం వెళ్ళడం లేదు. డెక్కు పని ఇస్తే తీసుకోండి. ఇవ్వకపోయినా తిరిగి రండి, ఇక్కడ బ్యారేజీ దగ్గర పడవల ఇంజిన్లు బాగుచేసే మనిషి లేడట.

ఇక అసలు సంగతి. ఇందాక, అత్తయ్య స్నానానికి వెళ్ళినప్పుడు, షారోను చాప మీద కాళ్ళు కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఒక్కసారిగా బోర్లా పడింది. చెయ్యి పొట్ట కింద ఇరుక్కుపోయింది, లాక్కోలేక తలెత్తి నా వైపు చూసింది. గదిలో ఇంకెవరూ లేరు. నేనొక్కదాన్నే చూశాను. ఉదయభాస్కర్ గారు చూడలేదు, అచ్చాయమ్మ గారు చూడలేదు. అత్తయ్యకి చెబితే ఈ క్షణమే బొబ్బట్లు చేసి పేటంతా పంచుతారు, సాయంత్రానికి ఉప్పాడ దాకా తెలిసిపోతుంది. ఆవిడ ఇప్పుడే నీళ్ళగదిలోంచి పిలుస్తున్నారు, “ఏంటమ్మా, ఏంటి, నవ్వుతున్నావు?” అని.

ఏమీ లేదండీ అన్నాను. ముందు ఇది మీకు రాసి, పోస్టులో వేసి వచ్చి, అప్పుడు చెబుతాను.

మీ
కృప.